నూట ఐదును పిల్లలు 1005 అని ఎందుకు రాశారు?

తరగతి గదిలో గడిపినవాణ్ణి తెచ్చి అధ్యక్షస్థానంలో కూర్చోబెట్టారు కాబట్టి, ఆ గదిలోంచే ఒక సంగతి చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడో తరగతి పిల్లల్ని నూట ఐదు రాయమన్నాను. సగం పలకల మీద 1005. ముందు నూరు రాశారు, పక్కన ఐదు పెట్టారు. మనం పలికేదీ అలాగే కదా. చెవిన పడ్డదాన్ని పడ్డట్టే రాశారు పాపం. అది నాకు తట్టలేదు. తప్పు కొట్టి పదేసిసార్లు రాయించాను. మర్నాడు నూట ఏడు అంటే మళ్లీ 1007.

రెండేళ్లు అలాగే గడిచాయి. ఒక సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు పక్క ఊరి టీచరమ్మ మాటల్లో ఉపాయం చెప్పారు. పాత శుభలేఖల అట్టల్లోంచి రెండు ముక్కలు కత్తిరించాలి. పెద్ద ముక్క మీద 100, అందులో మూడోవంతు ముక్క మీద 5 రాయాలి. చిన్నదాన్ని చివరి సున్నా మీద పెట్టమనాలి. ‘సున్నా అయిదు కింద దాక్కుంది సార్’ అని మా పిల్లలే అన్నారు. వారం తిరక్కుండా 1005లు పోయాయి. ఆవిడ అప్పటికి పదేళ్లుగా ఆ పాఠం అలాగే చెబుతున్నారట. మా రెండు బళ్ల మధ్య దూరం నాలుగు కిలోమీటర్లు.

ఆవిడ రిటైరయ్యారు. ఇలాంటివి ఇంకెన్ని ఆవిడ దగ్గర ఉన్నాయో, ఎవరమూ అడిగి రాసుకోలేదు. ఇన్నేళ్ల తరవాతా నాకది బాధే.

మనకు కలిసి కూర్చునే ఏర్పాటు లేక కాదు. దగ్గర దగ్గర బళ్లన్నీ ఒక సముదాయంగా, అంటే స్కూల్ కాంప్లెక్స్‌గా ఉండాలని 1966లోనే కొఠారీ కమిషన్ చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపెప్) రోజుల్లో ఉపాధ్యాయ కేంద్రాలకు చింతగింజలూ ఈనెపుల్లలూ సంచుల్లో వేసుకుని వెళ్లినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. 2020 జాతీయ విద్యా విధానం మళ్లీ సముదాయాల మాటే ఎత్తింది. కానీ ఇవాళ్టి కాంప్లెక్స్ మీటింగు ఎలా నడుస్తోంది? సంతకాలు, సర్క్యులర్లు, ప్రొఫార్మాలు, నడుమ ఒక నమూనా పాఠం. ఆ పాఠంలో పిల్లలందరూ సరైన జవాబే చెబుతారు. మనం చప్పట్లు కొట్టి లేస్తాం. మన బడిలో ఆ జవాబు రాని పిల్లవాడి గురించి అక్కడ ఎవరమూ నోరు విప్పం. విప్పితే చేతకానివాళ్లమని అనుకుంటారేమోనన్న బెరుకు.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో ఆ బెరుకు పోగొట్టారు. 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన సైన్సు బోధన కార్యక్రమం అది. 1978కి జిల్లా అంతా పాకింది. పల్లెటూరి టీచర్లు నెలనెలా గోష్ఠిగా కూర్చుని, ఏ ప్రయోగం తమ పిల్లల చేతుల్లో పనిచేయలేదో చెప్పుకునేవారు. వాళ్లు చెప్పినదాన్ని బట్టి పాఠ్యపుస్తకం ‘బాల వైజ్ఞానిక్’ను సవరించారు. 2002లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. అయినా 30 ఏళ్లపాటు టీచరు మాటకు పుస్తకం మారింది! అది నాకు చాలా గొప్పగా తోస్తుంది.

గిజుభాయి బధేకా ‘దివాస్వప్న’ మీలో చాలామంది చదివే ఉంటారు. అందులో లక్ష్మీరాం మాస్టారు మొదటిరోజు పిల్లలచేత మౌనం ఆట ఆడించబోతే తరగతి గోలగోలగా తయారవుతుంది. గిజుభాయి ఆ ఓటమిని దాచలేదు. అందుకే తరవాత ఆయన చెప్పినవన్నీ మనం నమ్ముతాం.

అందుకని మిమ్మల్ని కోరేది ఒక్క కాగితం. ఏం చెప్పాను, పిల్లవాడు ఏం రాశాడు, మర్నాడు నేనేం మార్చాను. అంతే. పాఠ్యపథకం భాష వద్దు, స్టాఫ్ రూములో మాట్లాడుకునే తెలుగు చాలు. పిల్లవాడి పేరు మాత్రం రాయకండి. వాడి జవాబును ఉన్నదున్నట్టు, అక్షరం దిద్దకుండా రాయండి. అసలు విషయం అక్కడే ఉంటుంది.

మధ్యాహ్నం సమావేశంలో మొదటి కాగితం నాదే చదువుతాను. 42లోంచి 18 తీసేయమంటే ఒక అబ్బాయి 36 అన్నాడు. ఎనిమిదిలోంచి రెండు తీశాడన్నమాట. ఈనెపుల్లల కట్టలిచ్చాను. ఒక కట్ట విప్పి, లెక్కపెట్టి, 24 అని చక్కగా చెప్పాడు. పలక ఇస్తే మళ్లీ 36 రాశాడు. పుల్లల నుంచి పలకకు వాణ్ణి ఎలా తీసుకురావాలో నాకు దొరకలేదు. మీలో ఎవరైనా తీసుకొచ్చి ఉంటే చెప్పండి, రాసుకుంటాను.