న్యాయాధికారి పరీక్షకు సాధన

న్యాయశాస్త్ర పట్టము పుచ్చుకొన్న యువతీయువకులలో న్యాయాధికారి పదవిని కోరువారు నేడు పలువురున్నారు. మన రెండు తెలుగు రాష్ట్రములలోను ఈ కొలువునకు మొదటి మెట్టు జూనియర్ సివిల్ జడ్జి పదవి. పూర్వము జిల్లా మునసబు అనిపించుకొన్నది ఇదియే. 1966, 67 సంవత్సరములలో భారత ప్రధాన న్యాయమూర్తిగా నుండిన కోకా సుబ్బారావుగారు కూడ ఒకప్పుడు కొద్దికాలము జిల్లా మునసబుగా పనిచేసినవారే. ఈ పదవికై జరుగు పరీక్షకు ఎట్లు సిద్ధపడవలెనో కొంత ముచ్చటించుకొందము.

ముందుగా నియమముల మాట. రాజ్యాంగము 234వ అధికరణము ననుసరించి గవర్నరు హైకోర్టును, పబ్లిక్ సర్వీస్ కమిషనును సంప్రదించి చేసిన నిబంధనల ప్రకారము ఈ నియామకములు జరుగును. పరీక్షను నడుపునది హైకోర్టు. మొదట వడపోత పరీక్ష; అందులో నెగ్గినవారికి సివిలు చట్టములు, క్రిమినలు చట్టములు, ఇంగ్లీషు అను మూడు వ్రాత పరీక్షలు; ఆ పైన మౌఖిక పరీక్ష. అభ్యర్థి కనీసము మూడేండ్లు న్యాయవాదిగా పనిచేసి యుండవలెనను నియమము 2002లో తొలగింపబడగా, 2025 మే 20వ తేదీన సుప్రీంకోర్టు దానిని పునరుద్ధరించినది. నియమములు మారుచుండును గనుక, ఎప్పటి ప్రకటనను అప్పుడు స్వయముగా చదువుకొనుట మేలు.

ఇక చదువు. సెక్షనుల అంకెలు వల్లించుటయే సాధన యని చాలమంది తలంచుచున్నారు. వడపోత పరీక్షకు అది కొంత అక్కరకు వచ్చును. కాని అంకెలు మారును. 1860 నాటి శిక్షాస్మృతికి బదులు భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చినది. అంతవరకు ఊరూరా నోట నానిన 302 నేడు 103 అయినది. పోలీసు అధికారి ఎదుట ఒప్పుకొన్న మాటను ముద్దాయిపై రుజువుగా వాడరాదను సూత్రము పాత సాక్ష్య చట్టములో 25వ సెక్షను. క్రొత్త చట్టములో 23వ సెక్షనులో చేరినది. అంకె మారినను సూత్రము మారలేదు. సూత్రము వెనుక కారణము నెరిగినవానికి ఈ మార్పు భారము కాదు. పైగా ఆ తేదీకి ముందు జరిగిన నేరములకు పాత శిక్షాస్మృతియే వర్తించును గనుక, అభ్యర్థి రెంటిని ఎరిగియుండక తప్పదు.

అసలు పరీక్ష తీర్పు వ్రాయుటలో నున్నది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు ఇరువదవ ఆర్డరు ప్రకారము తీర్పులో కేసు సంగ్రహము, తేల్చవలసిన అంశములు, వానిపై నిర్ణయము, ఆ నిర్ణయమునకు కారణములు ఉండవలెను. ఈ నాలుగింటిలో కడపటిదే కష్టము. ఇరుగు పొరుగు రైతు లిద్దరికి గెట్టు తగవు వచ్చినదనుకొందము. తన చేనిలోనికి రెండవవాడు రాకుండ శాశ్వత ఇంజంక్షను ఇమ్మని ఒకడు దావా వేసినాడు. హక్కుపై వివాదము లేని ఇట్టి దావాలో ముఖ్యముగా తేల్చవలసినది, దావానాటికి భూమి ఎవరి స్వాధీనములో నున్నదను విషయము. రుజువు భారము వాదిది. అడంగలు ఏమి చెప్పుచున్నది? సర్వే పటము ఏమి చూపుచున్నది? ప్రక్క చేని రైతు సాక్ష్యము నమ్మదగినదేనా? ఇట్టి కథనొకటి కల్పించుకొని, గంటలో తీర్పు వ్రాసి, పెద్ద వకీలుకు చూపుడు. ఓడినవాడు దానిని చదివి, తానేల ఓడినదీ గ్రహింపగలడా యని అడుగుడు. వారమునకు మూడు వ్రాసినను ఏడాదికి నూటయేబది దాటును.

అనువాదమును చిన్నచూపు చూడరాదు. మన సాక్షులు తెలుగున చెప్పుదురు. తీర్పులు తరచుగా ఇంగ్లీషున వచ్చును. "పసుపు కుంకుమల క్రింద ఇచ్చిన ఎకరము" అని తల్లి చెప్పినప్పుడు, అది కూతురి కిచ్చిన భూమి యని ఎరుగక మాటకు మాట మార్చినచో నవ్వులపాలగును. ఆ కూతురికి అన్యాయమును జరుగవచ్చును. చేబదులునకు, తాకట్టునకు గల భేద మెరుగవలెను. "ఇచ్చినాను" అనుటకు, "ఇచ్చినాననుకొంటాను" అనుటకు నడుమ ఒక్కొక్కప్పుడు దావా మొత్తము నిలిచియుండును. ఈ పలుకుబడి నిఘంటువులలో దొరకదు. మునసబు కోర్టు బల్లలపై కూర్చుండి, క్రాసు పరీక్షను చెవియొగ్గి విన్నవారికే పట్టుబడును. ఆ మూడేండ్లను వ్యర్థకాలమని తలంపక, ఇట్లు వాడుకొనవలెను.

తలిదండ్రులకు ఒక మనవి. జూనియరు వకీలుకు తొలి సంవత్సరములలో రాబడి స్వల్పము. "ఇంకను పరీక్ష ఎప్పుడు?" అని దినదినము అడుగకుడు. ఖాళీలు కొన్ని, అభ్యర్థులు వేలు. అందరికి పదవి దొరకదు. దొరకనివానికిని ఈ సాధన నష్టము కాదు. కారణములు చెప్పనేర్చినవాడు మంచి వకీలగును. దొరికినవాని ముందు మాత్రము ప్రతిదినము ఇద్దరు నిలుతురు; అందొకడు ఓడి ఇంటికి పోవును. నా మాట ఆలకించినారు, కారణము చెప్పినారు అని వాడు అనుకొనగలుగుటకే ఈ చదువంతయు.