పెళ్ళి చట్టానికి ఎవరిని అడగాలి?

(కంచన్‌బాగ్‌లో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో డీఏ బకాయిలు, లైఫ్ సర్టిఫికెట్లు, మెడికల్ బిల్లులు తప్ప మరో మాట వినపడడం అరుదు. అవి అవసరమే, కాదనను. ఈసారి ప్రత్యేక సంచిక కోసం మతానికీ ప్రభుత్వ విధానానికీ ఉన్న సంబంధం మీద ఎవరైనా మాట్లాడాలని కార్యదర్శిగారు పట్టుబట్టారు. సుప్రీంకోర్టు తీర్పు ఒకటి చేత్తో పట్టుకుని పార్కులో కూర్చున్న పాపానికి ఆ పని నా నెత్తిన పడింది. అది స్వలింగ వివాహాల గురించిన తీర్పు. వినడానికి కొందరికి ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. ఓ అరగంట ఓపిక పట్టండి. తిరిగి తిరిగి ఈ సంగతి కూడా పెన్షను దగ్గరికే వస్తుంది.

ఆ కేసు ఢిల్లీలో నడిచినా పుట్టింది మన ఊళ్ళోనే. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనే ఇద్దరు యువకులు హైదరాబాదులో కాపురం ఉంటున్నారు. 2021 డిసెంబరులో ఇరువైపుల తల్లిదండ్రుల, మిత్రుల సమక్షంలో వేడుక చేసుకున్నారు. చట్టం దృష్టిలో అది పెళ్ళి కాదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద తమకూ నమోదుకు అవకాశం ఇవ్వాలని 2022లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. తరువాత మరికొన్ని జంటల పిటిషన్లు కలిశాయి. 2023 ఏప్రిల్ 18 నుంచి అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం పది రోజులపాటు వాదనలు విన్నది. ఆ అయిదుగురిలో జస్టిస్ పి.ఎస్. నరసింహ మన తెలుగువారు. జస్టిస్ హిమా కోహ్లి అంతకుముందు మన తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా చేశారు.

మొదటి రోజునే కోర్టు ఒక గీత గీసింది. హిందూ వివాహ చట్టం జోలికి గాని, షరియత్ జోలికి గాని, ఏ మతం వారి పర్సనల్ లా జోలికి గాని వెళ్ళం, ప్రత్యేక వివాహ చట్టం వరకే చూస్తాం అన్నది. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

వాదనలు నడుస్తుండగా కేంద్రం రాష్ట్రాలన్నిటికీ ఉత్తరం రాసి అభిప్రాయం అడిగింది. ఏడు రాష్ట్రాలు బదులిచ్చాయని మే 10న సొలిసిటర్ జనరల్ కోర్టుకు తెలిపారు. ఆ ఏడింటిలో తెలంగాణ లేదు. నాలుగు రాష్ట్రాలు గడువు అడిగాయి. రాజస్థాన్, అస్సాం, ఆంధ్రప్రదేశ్ వద్దన్నాయి. మన పొరుగు ప్రభుత్వం ఏం రాసిందంటే, రాష్ట్రంలోని వివిధ మతాల పెద్దలను సంప్రదించామని, వారి అభిప్రాయాలు చూసిన మీదట దీనికి తాము వ్యతిరేకమని.

నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. మతపెద్దలంటే నాకు గౌరవం లేక కాదు. నాకు నిత్యపూజ ఉంది, ఏకాదశి ఉపవాసం ఉంది. వారు పౌరులు, వారి మాట వారు చెప్పవచ్చు. చెప్పకూడదనే హక్కు నాకు లేదు. కానీ ప్రభుత్వం అడిగిన ప్రశ్న ఏమిటి, ఎవరిని అడిగింది? మన షాపులో ఒక పార్టు తయారై వస్తే తీసుకోవాలా, తిప్పి పంపాలా అని తేల్చడానికి ముందు ఆ పార్టు డ్రాయింగు తెరిచేవాళ్ళం. పక్క షాపు డ్రాయింగు ఎంత మంచిదైనా అది దాని పార్టుకే పనికొస్తుంది. ప్రత్యేక వివాహ చట్టం ఎందుకు పుట్టిందో చూస్తే, మతపెద్దల అనుమతి దొరకని వాళ్ళ కోసమే పుట్టింది. దాని సంగతి మతపెద్దలను అడిగి తేల్చడం పక్క షాపు డ్రాయింగు పెట్టి కొలవడమే.

ఆ చరిత్ర కొంచెం చెప్పాలి. 1872లో మొదటి సివిల్ వివాహ చట్టం వచ్చింది. కేశవచంద్ర సేన్, ఆయన బ్రహ్మసమాజం వారు పట్టుబట్టి తెప్పించారు. ఆ చట్టం కింద పెళ్ళాడాలంటే వధూవరులు మేము హిందువులం కాము, ముస్లిములం కాము, క్రైస్తవులం కాము, పార్శీలం కాము అంటూ వరసపెట్టి రాసి ఇవ్వాలి. అంటే మతాన్ని వదులుకుంటే గాని పెళ్ళి లేదు. 1923లో హరిసింగ్ గౌర్ తెచ్చిన సవరణతో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు ఆ ప్రకటన లేకుండానే తమలో తాము పెళ్ళాడే వీలు కలిగింది. 1954లో పూర్తి చట్టం వచ్చి, ఎవరి మతంలో వారుండి ఏ మతం వారినైనా పెళ్ళాడవచ్చునన్నది. ఇంత దూరం రావడానికి 82 ఏళ్ళు పట్టింది. ఏ మెట్టు దగ్గర మతపెద్దల సమ్మతి కోసం ఆగినా మనం ఇంకా 1872లోనే ఉండేవాళ్ళం.

వీరేశలింగం పంతులుగారి సంగతి ఇంతకంటే మనకు దగ్గరిది. వితంతు వివాహాన్ని చెల్లుబాటు చేసే చట్టం 1856లోనే వచ్చింది. అప్పుడు ప్రభుత్వానికి వచ్చిన మహజర్లలో వద్దు అన్న సంతకాలే ఎన్నో రెట్లు ఎక్కువ. లెక్కపెట్టి నిర్ణయిస్తే ఆ చట్టం వచ్చేదే కాదు. చట్టం వచ్చిన 25 ఏళ్ళకు, 1881 డిసెంబరు 11న, రాజమహేంద్రవరంలో పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించారు. వెలివేతలు వచ్చాయి, పోలీసు బందోబస్తు కావలసి వచ్చింది. ఆయన శాస్త్ర వాక్యాలే తీసి శాస్త్రులవారికి జవాబు చెప్పిన మనిషి. ఆ చట్టం ఏ వితంతువునూ పెళ్ళి చేసుకోమని బలవంతపెట్టలేదు, ఏ పురోహితుణ్ణీ మంత్రం చదవమనలేదు. చేసుకున్నవారి పెళ్ళి చెల్లుతుందన్నది, పుట్టిన బిడ్డలకు ఆస్తి వస్తుందన్నది, అంతే. అప్పుడు చట్టం ముందు వచ్చి పెళ్ళి ఆలస్యమైంది. ఇప్పుడు వరస తిరగబడింది. వేడుకలు జరుగుతున్నాయి, చట్టమే రాలేదు.

ఒక తమాషా చెబుతాను. ఉమ్మడి పౌరస్మృతి అంటే ఒక వేదిక మీద కూర్చోని మతసంస్థలు ఈ ఒక్క విషయంలో ఒకే పక్క కూర్చుంటాయి. 2009లో ఢిల్లీ హైకోర్టు 377వ సెక్షన్ను పరిమితం చేస్తే, దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్ళినవారిలో హిందూ, ముస్లిం, క్రైస్తవ సంస్థలు మూడూ ఉన్నాయి. 2013లో వారి పక్షం గెలిచింది. 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తులు దాన్ని తిరగరాశారు. అసలు ఆ సెక్షను 1860లో తెల్లదొరలు రాసిన శిక్షాస్మృతిలోది, మన ఏ స్మృతిలోదీ కాదు. నేరం పోయింది. బంధానికి గుర్తింపు మాత్రం రాలేదు.

పాతబస్తీ వాళ్ళం గనక ఇంకో చట్టం సంగతి చెప్పక తప్పదు. ఇది హిజ్రాల గురించి. స్వలింగ వివాహం వేరు, ఇది వేరు. అయినా ప్రభుత్వం మనిషి బతుకులోకి ఎంత దూరం తొంగిచూడగలదో దీన్నిబట్టి తెలుస్తుంది. నిజాం కాలంలో, ఫసలీ 1329లో, అంటే 1919 ప్రాంతంలో ఒక చట్టం చేశారు. అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, చిరునామాలు రిజిస్టరులో రాసుకోవాలి. ఆ జాబితాలో ఉన్న వ్యక్తి ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. బిడ్డ పుడితే దీవించమని వాళ్ళనే ఇంటికి పిలిచి నేగు ఇచ్చే ఊళ్ళో ఈ చట్టం! నిజాం పోయినా, రాష్ట్రాలు మారినా అది పుస్తకాల్లో అలాగే మిగిలింది. వైజయంతి వసంత మొగ్లి మరికొందరితో వేసిన పిటిషన్ల మీద తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టివేసింది. ఆ తీర్పులోనే ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పెన్షను ఇవ్వాలని కూడా ఆదేశించింది. చూశారా, పెన్షను మాట వచ్చింది.

ఢిల్లీ తీర్పు 2023 అక్టోబరు 17న వచ్చింది. 360కి పైగా పేజీలు. పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని అయిదుగురూ అన్నారు. ప్రత్యేక వివాహ చట్టాన్ని కోర్టు తిరగరాయలేదనీ, అది పార్లమెంటు పని అనీ అన్నారు. పెళ్ళి అనకపోయినా ఆ జంటల కలయికకు ఒక చట్టబద్ధమైన గుర్తింపు ఉండాలా అన్నచోట చీలిపోయారు. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ ఉండాలన్నారు. మిగిలిన ముగ్గురు కాదన్నారు. పునర్విచారణ కోరిన పిటిషన్లను 2025 జనవరిలో తోసిపుచ్చారు. కాదన్నవారిలో ఒకరైన జస్టిస్ నరసింహ కూడా పెన్షను, ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, ఇన్సూరెన్సు వంటి వాటిలో వీరికి కలుగుతున్న నష్టాన్ని సమీక్షించాలన్నారు. ఆ పేజీ దగ్గర నేను పెన్సిలు గీత పెట్టుకున్నాను.

ఎందుకు గీత పెట్టానంటే, సర్వీసులో నాకు తెలిసిన ఒకాయన ఉండేవారు. పేరు, సంస్థ చెప్పను. పెళ్ళి చేసుకోలేదు. ఒక మిత్రుడితో కలిసి ఇరవై ఏళ్ళకు పైగా ఒకే ఇంట్లో ఉన్నారు. రోజూ రెండు క్యారియర్లు ఒకేలాంటి కూరతో కట్టేవారు. వాళ్ళ మధ్య ఏముందో నేను అడగలేదు, అది నాకు సంబంధించిన పని కాదు. ఆయనకు గుండె నొప్పి వచ్చిన రోజు ఆపరేషను కాగితం మీద సంతకానికి బంధువులెవరని అడిగారు. స్నేహితుణ్ణన్నాడు ఆ మనిషి. అయితే పక్కకు నిలబడమన్నారు. అన్నగారి కొడుకు వరంగల్ నుంచి వచ్చేదాకా కాగితం అలాగే ఉంది. ఆయన పోయాక పదకొండో రోజున ఇంటికి కొత్త తాళం పడింది. ఇల్లు ఆయన పేరున ఉంది మరి. ఇరవై ఏళ్ళు వండిపెట్టిన మనిషిని లోకం అద్దెకున్నవాడి కింద జమకట్టింది.

మన కంచన్‌బాగ్‌లో రెండు రకాల పెన్షనుదారులం ఉన్నాం. ల్యాబుల వైపు వాళ్ళకు కేంద్ర ప్రభుత్వ ఫ్యామిలీ పెన్షను, అంటే ఆఖరి జీతంలో 30 శాతం. అది భార్యకు గాని భర్తకు గాని, తరువాత నిబంధనల ప్రకారం పిల్లలకు, తల్లిదండ్రులకు వెళుతుంది. మరొకరి పేరు రాసే వీలు లేదు. ఫ్యాక్టరీల వైపు వాళ్ళది ఈపీఎస్-95. భార్యాబిడ్డలు లేని సభ్యుడు తనకు నచ్చిన వ్యక్తిని నామినీగా రాసుకునే వీలు దానిలో ఉంది. ఆ నామినీ ఎవరని ఏ మతపెద్దనూ అడగలేదు. ఇన్నేళ్ళుగా ఆ నిబంధన ఉంది, ఎవరి ధర్మమూ చెడిపోలేదు. గ్రాట్యుటీ చట్టం చూడండి, చట్టం చెప్పిన కుటుంబం ఉన్నవాడు బయటి మనిషి పేరు రాస్తే ఆ నామినేషనే చెల్లదు. కాగితం మీద ఒక మాట ఉండడం, లేకపోవడం మనిషి ముసలితనాన్ని ఎలా మారుస్తుందో మనకంటే తెలిసినవాళ్ళెవరు?

కేంద్రం కొంత కదిలింది. 2024 ఏప్రిల్‌లో కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబరులలో కొన్ని వివరణలు వచ్చాయి. ఇలాంటి జంటలు బ్యాంకులో జాయింటు ఖాతా తెరవడానికి అడ్డు లేదని, రేషన్ కార్డుకు ఒకే ఇంటివారుగా చూడాలని, దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు శవాన్ని భాగస్వామికి అప్పగించవచ్చునని. ఆఖరిది చదివినప్పుడు నాకు మాట రాలేదు. బతికుండగా సంతకం పెట్టనివ్వని మనిషికి పోయాక అప్పగిస్తారట.

ఇందాక ఒక చీటీ వచ్చింది. రేపు మా గుడిలో, మా మసీదులో, మా చర్చిలో కూడా చేయమంటారేమోనని ఒక పెద్దాయన అడిగారు. సబబైన ప్రశ్నే. పిటిషన్లు అడిగింది రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం. ఆ గీతే మొదటి రోజున కోర్టు గీసిందని చెప్పాను గదా. బయటి దేశాల్లో చూసినా ఐర్లండు వంటి గట్టి కేథలిక్ దేశం, 1995 దాకా విడాకులకే ఒప్పుకోనిది, 2015లో ప్రజాభిప్రాయం సేకరిస్తే 62 శాతం ఔనన్నారు. అక్కడి చర్చి తన పెళ్ళిళ్ళు తన పద్ధతిలోనే చేసుకుంటోంది. మన పక్కనున్న నేపాల్‌లో 2023 నవంబరులో ఒక జంటకు నమోదు జరిగింది. బౌద్ధులు నిండిన థాయిలాండ్‌లో 2025 జనవరిలో చట్టం అమల్లోకి వచ్చింది.

రెండో చీటీ అమెరికాలో పిల్లలున్న ఒక సోదరిది. అక్కడ 2015 నుంచి దేశమంతటా చెల్లుతున్న పెళ్ళి ఇక్కడ విమానం దిగగానే ఏమవుతుందని అడిగారు. అమ్మా, ఇక్కడి చట్టం వాళ్ళను దంపతులుగా గుర్తించదు. అంతకంటే మెత్తగా చెప్పే దారి నాకు కనిపించలేదు.

చట్టం వచ్చేదాకా ఏం చేయాలన్నది కూడా అడిగారు. ఈ జంటలకే కాదు, ఒంటరిగా ఉన్నవాళ్ళకు, చెల్లెలి దగ్గరో స్నేహితుడి దగ్గరో ఉంటున్నవాళ్ళకు కూడా పనికొస్తుంది గనక చెబుతున్నాను. వీలునామా రాయండి. స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్లకాగితం చాలు. ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని చేయిస్తే మంచిది. బ్యాంకులో నామినీ ఉన్నాడు గదా అని ఊరుకోకండి. నామినీ సొమ్ము తీసుకునేవాడే, వారసుడు అవునో కాదో వేరే సంగతి. మన ముస్లిం సోదరులు ఒకటి గమనించాలి, వారసులు కాని వారికి వీలునామా ద్వారా సాధారణంగా ఆస్తిలో మూడోవంతు వరకే ఇవ్వగలరు, మించితే వారసుల ఒప్పుకోలు కావాలి. బతికుండగానే దానపత్రం రాయడం మరో మార్గం, దానికి వకీలును అడగండి. వీలునామా నమూనాలు వెనుక బల్ల మీద పెట్టించాం. తలా ఒకటి తీసుకోండి, అయిపోతే కార్యదర్శిగారిని అడగండి.