వెనక కాలికి ఊతమిచ్చే లాడం

గుర్రం వెనక కాలి మధ్యలో, వెనక్కి పొడుచుకొచ్చిన కీలు ఉంటుంది చూడండి, అది మన చీలమండకు సాటి. ఒంటిని ముందుకు నెట్టే బలమంతా దాని మీదుగానే పోతుంది. ఆ కీలు అరిగితే గుర్రం కాలు సరిగా ఎత్తలేక గిట్ట కొనను నేలకు ఈడుస్తుంది. విప్పిన లాడాన్ని చేతిలోకి తీసుకుని చూడండి: ముందంచు అరిగి పలచబడి ఉంటుంది, వెనక కొనలు మందంగానే ఉంటాయి.

అలాంటప్పుడు గిట్ట ముందు భాగాన్ని కాస్త కురచగా చెక్కి, ముందంచును గుండ్రంగా మలిచిన లాడం కొడతారు. అడుగు సులువుగా లేస్తుంది. వెనక కొనలను కొంచెం పొడవుగా ఉంచితే గిట్ట వెనక భాగానికి ఆసరా దొరుకుతుంది. గిట్ట పెరుగుతూనే ఉంటుంది కనుక 6 నుంచి 8 వారాలకోసారి లాడం విప్పి సరిచెయ్యాలి.

కాలు వంకరగా ఉంటే దయచేసి లాడంతో దాన్ని ఒక్కసారే నిటారు చేయబోకండి, ఎదిగిన గుర్రానికి అది కొత్త నొప్పి తెస్తుంది. లాడం కీలు మీద భారాన్ని తగ్గిస్తుందే గాని అరుగుదలను మాన్పదు. అందుకే ముందు పశువైద్యుడికి చూపించి ఎక్స్‌రే తీయించండి.