వాక్యానికి వరుస కట్టిన గిటారు: అమెరికా కతోలిక లేఖన గీతం
(స్మారకోపన్యాసం)

బైబిలు వచనాన్ని ఉన్నది ఉన్నట్టుగానో కొద్ది సవరణతోనో పల్లవిగా నిలిపి, సంఘమంతా కలిసి పాడేందుకు వీలుగా కట్టిన పాటను లేఖన గీతం అంటారు. 1960ల నడుమ నుంచి 1980ల తొలినాళ్ల వరకు అమెరికా కతోలిక దేవాలయాలలో ఇటువంటి పాట అకౌస్టిక్ గిటారును, అనగా విద్యుత్తుతో పనిలేక తన చెక్క డొల్లతోనే మోగే గిటారును, వెంటబెట్టుకొని వచ్చినందువల్ల, దాని చరిత్రను ఆర్గనుకూ గిటారుకూ నడిచిన తగవుగా చెప్పడం పరిపాటి అయింది. తగవు నడిచిన మాట నిజమే. అయితే వాయిద్యం మీద పడిన చూపులో సగమైనా సాహిత్యం మీద పడి ఉంటే, ఆ పాటలలో ఏవి ఎందుకు నిలిచాయో ఇంకా తేలికగా తెలిసి ఉండేది.

రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న, 2,147 అనుకూల ఓట్లతో, కేవలం 4 వ్యతిరేక ఓట్లతో ఆమోదించిన ఆరాధన శాసనంలో సంగీతానికి ఒక అధ్యాయమే ఉంది. అందులోని 116వ అంశం గ్రెగోరియన్ గానానికి, అనగా లతీను పాఠాన్ని తాళపు కట్టుబాటు లేకుండా అందరూ ఒకే స్వరధారగా పాడే ప్రాచీన పద్ధతికి, అగ్రస్థానం ఇచ్చింది. 120వది పైపు ఆర్గనును గౌరవిస్తూనే, ఆరాధనకు తగిన ఇతర వాయిద్యాలను అధికారుల సమ్మతితో వాడుకోవచ్చునని తలుపు కొద్దిగా తెరిచింది. వాదులాడుకున్న ఉభయ పక్షాలూ ఈ రెండు అంశాలనే వల్లించాయి. ఆ వెంటనే వచ్చే 121వ అంశం మాత్రం, పాడవలసిన మాటలు ప్రధానంగా పవిత్ర లేఖనాల నుంచి, ఆరాధన పాఠాల నుంచి రావాలని చెబుతుంది. లేఖన గీతానికి ఆధారపత్రం అదే.

1964 నవంబరు 29న అమెరికా పూజలలో ఆంగ్లం అధికారికంగా ప్రవేశించే నాటికి ఆ భాషలో సంఘం పాడుకోదగిన కతోలిక పాటలు చాలినన్ని లేవు. వెలుపల చూస్తే పీట్ సీగర్ వంటివారి వల్ల జానపద గాన పునరుజ్జీవనం ఉచ్చదశలో ఉంది, పౌరహక్కుల ఊరేగింపులలో వేలమంది కాగితం లేకుండా పాడుతున్నారు. సిన్సినాటికి చెందిన నల్లజాతి గురువు క్లారెన్స్ రివర్స్ తన జాతి ఆధ్యాత్మిక గీతాల బాణీని పూజలోకి తెచ్చి చూపాడు. నిర్గమకాండాన్నీ దానియేలునూ తమ బతుకు కథగా పాడుకున్న బానిసలకు లేఖనానికి జానపద వరుస కట్టడం ఒకరు నేర్పవలసిన విద్య కాదు గనుక, గిటారు పూజల చరిత్రను తెల్ల యువకులతో మొదలుపెట్టేవారు ఒక అధ్యాయం ఆలస్యంగా మొదలుపెడుతున్నారనే చెప్పాలి. 1966లో రే రెప్ కూర్చిన 'మాస్ ఫర్ యంగ్ అమెరికన్స్', మెడికల్ మిషన్ సిస్టర్స్ అనే మఠకన్యల సమాజం వెలువరించిన 'జాయ్ ఈజ్ లైక్ ది రెయిన్' దేశమంతా వినిపించాయి. సిస్టర్లు సువార్తలోని జక్కయ్య వంటి పాత్రలను కథాగీతాలుగా మలిచారు. ఆ తొలి విడతలో తక్కినవారు రాసిన అనేక పాటలు మాత్రం ప్రేమ, సోదరభావం, సంతోషం అనే మూడు మాటల చుట్టూ తిరిగి అలసిపోయాయి.

లేఖనాన్ని పాడించడంలో ఉన్న చిక్కు చిన్నది కాదు. హెబ్రీ కవిత్వానికి ప్రాసగాని, అక్షరాల లెక్కగాని ప్రాణం కాదు. ఒక పాదం చెప్పిన భావాన్ని రెండవ పాదం మరో మాటతో తిరిగి పలకడం, లేదా దానికి ఎదురు పలకడం, పండితులు సమాంతరత అనే ఈ జంటపాదాల నడకే దాని లయ. పాదాలు పొట్టివీ పొడుగువీ అవుతాయి గనుక వాటిని ఒకే వరుసలో ఇమిడ్చాలంటే మాటను కోయాలి, లేదా వరుసను సాగదీయాలి. 1640లో అమెరికాలోని ఆంగ్ల వలసలలో తొలి పుస్తకంగా అచ్చయిన 'బే సామ్ బుక్' మొదటి దారి పట్టి, కీర్తనలను ఎనిమిదీ ఆరూ అక్షరాల పాదాలకు కుదించి, వాక్యాన్ని వంకర తిప్పింది. ఇరవయ్యవ శతాబ్దం నడుమ ఫ్రాన్సు జెస్యూట్, అనగా యేసు సభ అనే కతోలిక సన్యాస సమాజ సభ్యుడు, జోసెఫ్ జెలినో రెండవ దారి పట్టాడు: ఊనిక పడే మాటల మధ్య దూరాన్ని సమంగా ఉంచి, నడుమ వచ్చే అక్షరాలు ఎన్నయినా ఆ దూరంలోనే సర్దుకునేటట్లు కీర్తనలకు స్వరం కట్టాడు. గిటారు తంత్రులను క్రమంగా మీటే పద్ధతి తెలియకుండానే ఈ రెండవ దారికి తోడ్పడింది. కుడిచేయి కొలత తప్పకుండా నడుస్తుంటే, దాని మీద పాడే గొంతు ఒక పాదంలో ఎక్కువ మాటలు, మరో పాదంలో తక్కువ మాటలు పలికినా పాట కుంటుపడదు. ఆ రోజులలో గిటారుకు దక్కిన నిజమైన ఘనత ఇదే; యువతను గుడికి రప్పించిందన్న పేరు దానితో పోలిస్తే చిన్నది.

మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న జెస్యూట్ విద్యార్థులు ఈ వెసులుబాటును పూర్తిగా వాడుకున్నారు. బాబ్ డఫర్డ్, జాన్ ఫోలీ, టిమ్ మానియన్, రాక్ ఓకానర్, డాన్ షుట్టీ అనే ఈ అయిదుగురికీ లేఖనం రోజువారీ ధ్యానం, చదువు కూడా. వారి తొలి సంపుటి 'నైదర్ సిల్వర్ నార్ గోల్డ్' 1974లోను, 'అర్థెన్ వెసెల్స్' 1975లోను వచ్చాయి. మొదటి పేరు అపొస్తలుల కార్యములు మూడవ అధ్యాయం నుంచి, రెండవది కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక నాలుగవ అధ్యాయం నుంచి తీసుకున్నవే. డఫర్డ్ 'బీ నాట్ అఫ్రెయిడ్' యెషయా 43వ అధ్యాయాన్నీ లూకాలోని ధన్యవచనాలనూ ఒకచోట కుట్టింది. ఫోలీ 'వన్ బ్రెడ్, వన్ బాడీ' పౌలు పత్రికల నుంచి నాలుగు మాటలు ఏరి పల్లవి చేసుకుంది.

ఇక్కడే ఒక ఆక్షేపణ పుట్టింది. ప్రవక్తల గ్రంథాలలో దేవుడు ఉత్తమ పురుషలో మాట్లాడతాడు. ఆ వచనాన్ని మార్చకుండా పాడితే సంఘం దేవుని నోటితో తనకు తానే అభయమిచ్చుకున్నట్టవుతుంది. 1990లో 'వై కాథలిక్స్ కాన్ట్ సింగ్' అనే గ్రంథంలో థామస్ డే దీనిని నిష్ఠురంగానే ఎత్తిచూపాడు. ఆక్షేపణలో బలముంది గాని, షుట్టీ రాసిన 'హియర్ ఐ యామ్, లార్డ్' దానికి ముందుగానే సమాధానం చెప్పింది. యెషయా ఆరవ అధ్యాయంలోని పిలుపునూ, సమూయేలు మొదటి గ్రంథం మూడవ అధ్యాయంలో రాత్రివేళ బాలుడిచ్చిన జవాబునూ కలిపిన ఆ పాటలో చరణాలు దేవునివి, పల్లవి మనిషిది. ఎవరి మాట ఎవరిదో పాట నిర్మాణమే చెబుతున్నందువల్ల పాడేవాడు తన చోటు మరచిపోడు.

పల్లవి సంఘానిది, చరణం గాయకునిది అన్న పంపకం తెలుగువారికి భజన గోష్ఠిలో ఏనాటి నుంచో తెలుసు. పురుషోత్తమ చౌధురి (1803–1890) క్రైస్తవ కీర్తనలు కట్టినప్పుడు పల్లవి, చరణాల ఆ చట్రాన్నే చేపట్టాడు. ఆ కీర్తనలు పాడే సంఘాలలో దేశవాళీగా చెల్లుతున్న హార్మోనియం యూరపు నుంచి వచ్చినదన్న సంగతి వాయిద్యాల మీద తగవులాడేవారు గుర్తుంచుకోదగ్గది. మరొక పోలిక మాటకు సంబంధించినది. యూదులు పైకి ఉచ్చరించని దేవుని నామాన్ని కతోలిక ఆరాధనలో పలకరాదని 2008లో వాటికన్ లేఖ రాయగా, సెయింట్ లూయిస్ పాటలలో కొన్నింటి తొలి పాదాలనే మార్చి అచ్చువేయవలసి వచ్చింది. 'యెహోవా' అన్న రూపం పాత తెలుగు బైబిలు ద్వారా నాలుకకు అలవాటైన తెలుగు ప్రొటెస్టెంటు సంఘాలకు అటువంటి మార్పు ఎంత లోతుగా తగులుతుందో ఊహించడం కష్టం కాదు.

సంఘం గొంతును గిటారు మింగిందన్న ఫిర్యాదు అసలు మైకు మీద చేయవలసినది. ఒక గాయకుని గొంతు వందమంది గొంతులను దాటి వినిపించినచోట పాటను గిటారు నడిపినా, ఆర్గను నడిపినా జనం వినేవారుగా మిగిలిపోతారు. వాయిద్యం మారినా పాట మారనక్కరలేదని తేల్చిన సాక్ష్యం కతోలిక సంఘం వెలుపలే దొరుకుతుంది. 'హియర్ ఐ యామ్, లార్డ్' గీతానికి 1988లో కార్ల్‌టన్ యంగ్ సంఘగానానికి తగిన రూపం కూర్చగా, మరుసటి ఏడు వెలువడిన యునైటెడ్ మెథడిస్ట్ పాటల పుస్తకంలో అది 593వ కీర్తనగా అచ్చయింది.