ఆయాసం, ఇన్‌హేలర్, గ్రాహకాలు

అత్తిలి చుట్టుపక్కల వరి నూర్పిళ్లు మొదలయ్యాయంటే ఆ దుమ్ము పడక ఆస్తమా ఉన్నవారికి ఆయాసం, పిల్లికూతలు వస్తుంటాయి. ఊపిరి గొట్టాల చుట్టూ ఉండే కండరం బిగుసుకోవడం ఇందుకొక కారణం.

ఆ కండర కణాల పైపొరలో బీటా-2 గ్రాహకాలనే ప్రోటీన్లుంటాయి. ఒక్కోటీ పొరను ఏడుసార్లు దాటుతుంది. ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్ తాళంలో తాళంచెవిలా అందులో కూర్చోగానే, కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగి, నిమిషాల్లో కండరం సడలుతుంది. ఈ తరహా గ్రాహకాల గుట్టు విప్పిన లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు 2012లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

అదే మందు అదేపనిగా పీలిస్తే గ్రాహకాలు తగ్గి, గుణమూ తగ్గుతుంది. ఊపిరి గొట్టాల లోపలి వాపు తగ్గించేది మాత్రం స్టెరాయిడ్ ఇన్‌హేలర్. దాని గ్రాహకం కణం లోపల ఉంటుంది. పూర్తి గుణం కనబడడానికి రోజులు, వారాలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని డాక్టరుగారిని అడగకుండా దాన్ని మానకండి.