పట్టమున్నవానికి మరల పట్టమేల?



భారతమున ఆదిపర్వములోని కచుని కథ యెల్లరెఱిగినదే. దేవగురువైన బృహస్పతియే తండ్రియై యుండగా, కచుడు శుక్రాచార్యుని యొద్ద శిష్యుడుగా చేరెను. తండ్రి యొద్ద లేని మృతసంజీవని అచ్చట నుండుటయే కారణము. కచుడు పేరు కొఱకు పోలేదు. తనవారికి కొఱవడిన విద్య కొఱకు పోయెను.

అరకు లోయలో ఇట్టి విచారము నేడును పుట్టుచున్నది. బి.ఏ. ముగించిన గిరిజన యువకుడు, ‘సైన్సు చదివియుండిన బాగుండెడిది; ఇప్పుడు బి.యస్సీ.లో చేరుదునా?’ అని తలపోయును. తండ్రి, ‘ఉన్న పట్టమే గోడకు వ్రేలాడుచున్నది, దాని ప్రక్కకు ఇంకొకటియా?’ అనును. ఇరువురి మాటలోను న్యాయము కలదు. కావున జమాఖర్చులు వ్రాసి చూడవలెను.

ముందు ఖర్చు. కాలము కనీసము మూడు సంవత్సరములు. అన్నాళ్లును సంపాదన యుండదు; కాఫీ కోతవేళ ఇంటికి రెండు చేతులు తగ్గును. ఇంటర్మీడియటులో సైన్సు లేనివాడు తనకు ప్రవేశార్హత కలదో లేదో మొదటనే విచారించుకొనవలెను. 1985లో స్థాపితమైన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము వంటివి దూరవిద్య నొసగును గాని, ప్రయోగములకు కేంద్రమునకు పోక తప్పదు. కొండపల్లెవారికి ప్రయాణమే పెద్ద పద్దు.

ఇక జమ. ఇచ్చట ఇద్దరు మహనీయుల చరిత్ర దారి చూపును.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. సవరల భాష నేర్వదలచి, తెలుగు వచ్చిన సవరనొకనిని ఇంట నుంచుకొని నేర్చిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. ఆ పనికి రెండవ పట్టము వారికి అవసరము కాలేదు.

యల్లాప్రగడ సుబ్బారావుగారి దారి వేఱు. మద్రాసులో వైద్యము చదివి ఎల్.ఎం.ఎస్. పొందియు, వారు అమెరికాకు పోయి మరల విద్యార్థియై, 1930లో హార్వర్డునందు జీవరసాయనమున డాక్టరేటు గ్రహించిరి. ప్రయోగశాల లేక ఆ పని సాగదు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. గిరిజనులను పీడించు సికిల్ సెల్ రక్తహీనతకు వైద్యులిచ్చు మందులలో నేడు అదియు నొకటి.

కావున యువకుడు తన్ను తాను అడుగవలసిన ప్రశ్న యొకటే: ‘ఈ పట్టము లేక ఆగిపోవు పని యేది?’ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రము బోధింపదలచినచో పట్టము వలయును. రక్తపరీక్షాలయమున పనిచేయదలచినచో ఏ శిక్షణ వలయునో తెలిసికొనవలెను, బి.యస్సీ.యే కానక్కరలేదు. తోటలో కాఫీకాయ తొలుచు పురుగును అరికట్టుటయే కోరికయైనచో, రాలిన కాయలను ఏరి నాశనము చేయుట మున్నగు పద్ధతులను నేర్చిన చాలును. చింతపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానమునకు పోయి అడుగుటకు పట్టమక్కరలేదు.

పని యేదో తోచనిచో తొందరపడరాదు. ఇంటర్మీడియటు సైన్సు పుస్తకములను ఈ గ్రంథాలయముననే ఒక వానకాలమంతయు చదివి చూడవలెను. లెక్కలతో కుస్తీపట్టిన పిమ్మటను కోరిక తరుగనిచో, అది మోజు కాదు, ఆకలి. అప్పుడు తండ్రియు అడ్డు చెప్పరాదు. వయస్సు మించెనని ఊరివారును నవ్వరాదు.

ఈ కొండల శిలకు భూగర్భశాస్త్రజ్ఞులు కోదుల జాతి పేరునుబట్టి ‘ఖోండలైటు’ అని పేరిడిరి. రాతికి పేరిచ్చిన జాతి బిడ్డలు ఆ రాతిని చదువు శాస్త్రమునందును పేరు పొందవలెను. కచుడు విద్య నేర్చి అచ్చటనే నిలిచిపోలేదు. తనవారి యొద్దకు మరలివచ్చెను. రెండవ పట్టమునకు బయలుదేరువాడు ఆ మరలివచ్చు దారిని మఱవకుండుగాక.