పందికొక్కు సాక్ష్యము

నేను బడిలో పాఠములు చెప్పు కాలమున ఒకనాడు ఇంగ్లీషు వాచకములో ‘బ్యాండికూట్’ అను మాట వచ్చెను. వెనుక బల్లనుండి ఒక కుఱ్ఱవాడు లేచి, “అయ్యవారూ, అది మన పందికొక్కే కదండీ” అనెను. తరగతి యంతయు నవ్వెను, నేనును నవ్వితిని. ధ్వని కలిసినంత మాత్రమున చుట్టరికము కలుగునా యని వానిని గద్దించి కూర్చుండబెట్టితిని.

నా మాటలో న్యాయము లేకపోలేదు. ‘ఓకే’ అను మాటకు జనులు కల్పించిన పుట్టుకలు పెక్కులు. అంతయు సరియే యని యర్థమిచ్చు ‘ఆల్ కరెక్ట్’ను వేడుకకై ఓ, కే అను అక్షరములతో తప్పుగా వ్రాసి, ఆ రెంటిని మాత్రము నిలిపిన పరిహాసమది, 1839లో బోస్టను పత్రికలో అచ్చైనది. ‘బాయికాట్’ అనునది 1880లో ఐర్లండు కౌలుదార్లు వెలివేసిన కప్తాను పేరు. ఇట్టి విషయములందు చెవికంటె వ్రాతయే ప్రమాణము.

కాని యా పిల్లవాని పక్షమున వ్రాతయే సాక్ష్యము పలికినది. యూలు, బర్నెలు దొరలు కూర్చగా 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ అను నిఘంటువు, ఆ మాట తెలుగు పందికొక్కునుండియే పుట్టెనని చెప్పుచున్నది. మన గాదెల క్రింద బొరియలు త్రవ్వు జంతువు పేరు ఓడయెక్కి ఆస్ట్రేలియా చేరి, అచట కడుపుసంచిలో పిల్లలను మోయు వేఱొక జంతువునకు అంటుకొనినది.

ఆ పుట చూచునాటికి నేను పింఛను పుచ్చుకొనుచుంటిని. ఆ కుఱ్ఱవాడిప్పు డెచట నున్నాడో యెఱుగను. సాక్ష్యమడుగుట పండితుని విధి. అడుగకమున్నే నవ్వుట నా దోషము. మీ యింటి బాలుడు ఒక మాటకు మూలమిది యని చెప్పినచో నవ్వకుడు. వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని నిఘంటువు తెఱచి చూడుడు.